పందికొక్కు సంతర్పణ

ఆ ఏడు వానల్లేక పెరట్లో పిచ్చుకలకి గింజ దొరకలేదు. ధాన్యపు కొట్టు కింద కాపురమున్న పందికొక్కుకి వాటి మీద జాలి పుట్టింది. కడుపు నిండినవాళ్లకి జాలి తొందరగానే పుడుతుంది. నుదుట నామం పెట్టుకుని సభ చేసింది.

"ఏకాదశి నాడు అందరం ఉపవాసం ఉందాం. తినకుండా మిగిల్చిన గింజలు నా కన్నం దగ్గర పొయ్యండి. ద్వాదశి పొద్దున్నే ఆకలిగొన్నవాళ్లకి నా చేత్తో పెడతాను" అంది.

కోడీ బాతూ సంకల్పం చెప్పుకుని గింజలు తెచ్చి పోశాయి. పిల్లి కూడా సంకల్పం చెప్పుకుని ఓ మూల కళ్లు మూసుకుని కూర్చుంది. పిల్లంతటిది భక్తిలో పడిందని పందికొక్కు పొంగిపోయి, రోజంతా దాని ముందే భజన చేసింది.

ద్వాదశి పొద్దున పిచ్చుకలు పిల్లల్ని వెంటేసుకుని వచ్చాయి. పందికొక్కు కన్నం బయట మూతి తుడుచుకుంటోంది. పక్కన పొట్టు మాత్రం మిగిలింది.

"నిన్న ఉపవాసం ఉన్నవాళ్లకే ప్రసాదం" అంది.

"మేం తిని ఎన్నాళ్లయిందో స్వామీ" అంది తల్లి పిచ్చుక.

"దాన్ని ఆకలంటారు. ఉపవాసానికి సంకల్పం ఉండాలి. మీలో ఎవరైనా చెప్పుకున్నారా?"

పిచ్చుకలు చూరు మీదికి ఎగిరిపోయాయి.

"నేను చెప్పుకున్నాను స్వామీ" అంది పిల్లి, వెనకాల కన్నానికి అడ్డంగా కూర్చుని. "నిన్నంతా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఇక పారణ చెయ్యొచ్చా?"