కింద రెండు పనులు

"లే, నీళ్లొచ్చినయ్" అని ఎవరో పిలిస్తే నడిరాత్రి రైతు పర్వతాలుకు మెలకువ వచ్చింది. ఇంట్ల ఎవరూ లేరు. కాలువ నీళ్ల వంతు వారానికొక్కసారే. ఇయ్యాల తప్పితే వరి ఎండిపోతది. పార భుజానేసుకొని వేములపల్లి బాటెంట పొలానికి ఉరికిండు.

అప్పటికే ఎవరో మడవ తీసి నీళ్లు మళ్లించిండ్రు. మడి నిండా నీళ్లు, నీళ్ల నిండా చుక్కలు.

బిత్తరపోయి ఫోన్ తీసిండు. తనకూ, మిర్యాలగూడల ఉండే బిడ్డ నవ్యకూ కనబడే పనుల యాప్‌ల, 'మడవ తిప్పాలె' పక్కన టిక్కు పడి ఉన్నది. నవ్యకు ఫోన్ కొట్టిండు.

"టిక్కు నువ్వు పెట్టినవా బిడ్డా?"

"నేనెందుకు పెడ్త బాపూ? ఆ కింద రెండు పనులు గూడ నువ్వే రాసినవ్ గదా?"

పర్వతాలు కిందికి చూసిండు.

'పర్వతాలును లేపాలె.' దానికీ టిక్కు ఉన్నది.

'పార కడగాలె.' దానికింకా లేదు.

ఎనక కాలువల ఎవరో నిమ్మళంగ పార కడుగుతున్న చప్పుడు. పర్వతాలు పార ఆయన భుజం మీదనే ఉన్నది.

ఎనక్కి తిరిగి చూడలే. చెప్పులిడిచి, సల్లటి బురదల నిలబడి, ఫోన్‌తోనే రెండు చేతులు జోడించిండు.

చప్పుడు ఆగింది. జోడించిన చేతుల నడుమ ఫోన్ వెలిగింది.