సత్తవ్వ పక్కన చోటు

“వాడు చర్చిలకు అడుగు పెడితే మా ఇంటోళ్లం ఎవ్వలం రాం. గింతే!” పౌలు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

పాస్టర్ రెబెకా జవాబు చెప్పేలోగా గుమ్మం దగ్గర చాప మీద కూర్చున్న సత్తవ్వ గొంతు వినిపించింది.

“వస్తడు. నేనే తోలుకొస్త. నా పక్కన కూసుంటడు.”

కమిటీలో ఎవరూ తలెత్తలేదు. మెట్‌పల్లి దగ్గరి ఆ పల్లె చర్చికి రెబెకా ఆసిఫాబాద్ నుంచి బదిలీ మీద వచ్చి ఎన్నాళ్లో కాలేదు. పౌలు రానివ్వనంటున్న వెస్లీ గురించి ఆమెకు తెలిసింది కొంచెమే. ఈ సంఘంలోనే పెరిగిన పిల్లవాడు. ఒక పెళ్లి బరాత్‌లో తాగి, మాటా మాటా పెరిగి, తన ఈడువాణ్ణే పొడిచి చంపాడు. శిక్ష ముగిసి ఈ వారమే బయటికొస్తున్నాడు.

“సత్తవ్వా, నీ బాధ మాకు తెల్వదా? నీ మొకం చూసే గింత నెమ్మదిగ మాట్లాడుతున్నం,” అని పౌలు రెబెకా వైపు తిరిగాడు. “మీరు కొత్త పాస్టరమ్మా, మీకు తెల్వదు. గీమె...”

“పౌలూ!” సత్తవ్వ లేచి నిలబడింది. “నా ముచ్చట ఎత్తద్దని ముందే చెప్పిన. నన్ను చూసి జాలితోని ఒప్పుకునుడు నాకద్దు. న్యాయమనిపిస్తే ఒప్పుకోండ్రి.”

ఏ సంగతీ తేలకుండానే కమిటీ లేచిపోయింది.

సత్తవ్వ మాట కాదనడం రెబెకాకు కష్టమే. ‘ఆడమనిషి పాస్టరా?’ అని ఊరు గొణిగిన రోజున ముందుగా వచ్చి చేతులు పట్టుకున్నది ఆమే. హిజ్రా అనసూర్య మొదటిసారి చర్చికి వచ్చి, ఆడవాళ్ల వైపు వెళ్లాలో మగవాళ్ల వైపు వెళ్లాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోతే, “నా పక్కపొంటి రా బిడ్డా” అని జరిగి చోటిచ్చింది కూడా ఆమేనట. ఇప్పుడు అనసూర్య ఎత్తుకోకపోతే ఆ చర్చిలో పాట మొదలవదు.

దేవుని ఇల్లు అందరిదీ అని రెబెకా ఎన్నో ప్రసంగాల్లో చెప్పింది. ఈసారి ఆ మాట అనడం అంత తేలిక కాదు. తల్లి తన బిడ్డ కోసం కొట్లాడుతుంది, అది సహజం. కానీ చచ్చిపోయినవాడికీ ఒక తల్లి ఉంటుంది కదా!

ఆ ఆలోచనతోనే మర్నాడు సత్తవ్వ ఇంటికి వెళ్లింది. సత్తవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన ఇస్త్రీ చేసిన నీలం చొక్కా ఉంది.

“సరిపోతదో లేదో. జైళ్ల మస్తు బక్కవడ్డడు,” అంది సత్తవ్వ.

“అస్తమానం పోయి చూసొస్తవట గదా?”

“పోత. మొదట్ల నన్ను చూసి మొకం గోడకు తిప్పుకునేటోడు. మాట్లాడకపోయేటోడు. అయినా పోయిన. ఒకనాడు ‘అవ్వా’ అని చిన్నపోరని లెక్క ఏడ్చిండు.”

రెబెకా చొక్కా మీంచి చూపు తిప్పి అడిగింది. “ఒక్కమాట అవ్వా, ఏమనుకోకు. గా సచ్చిపోయిన పిల్లగాని తల్లి వచ్చి, ‘నా కొడుకును పొట్టన పెట్టుకున్నోనికి ప్రభువు రొట్టె ఎట్ల ఇస్తున్నవ్?’ అంటే నేనేం చెప్పాలె?”

బీడీ చుట్టే చేతులు ఆగిపోయాయి.

“గామెతోని నేను రోజు కొట్లాడుతనే ఉన్న బిడ్డా,” అంది సత్తవ్వ. “ఒకనాడు సరే అంటది. ఇంకోనాడు వాని వంశమే నాశనం కావాలంటది.”

“ఆదివారం నాటికి ఒప్పుకుంటదా మరి?”

“ఒప్పిస్త. గామె ఫికర్ నాకిడిసిపెట్టు. నువ్వు తలుపు తీసిపెట్టు, సాలు.”

ఆ సాయంత్రమే రెబెకా పౌలు ఇంటికి వెళ్లి, గడపలో నిలబడే చెప్పింది. “ఆదివారం తలుపు తీసే ఉంటది పౌలన్నా. మీరొస్తే సంతోషం. రాకపోతే నేనే మీ ఇంటికొచ్చి ప్రార్థన చేస్త. గని తలుపు మాత్రం ముయ్య.”

ఆదివారం చర్చి సగం ఖాళీగా ఉంది. పౌలు ఇంటివాళ్లు ఎవరూ రాలేదు. పాట నడుస్తుండగా సత్తవ్వ వెస్లీ మణికట్టు పట్టుకుని వచ్చింది. నీలం చొక్కా వాడి భుజాల మీద వదులుగా వేలాడుతోంది. మెట్ల దగ్గర వాడు ఆగిపోయాడు.

“నేను బయటనే ఉంట అవ్వా.”

“నడువ్.”

అనసూర్య పాట ఆపకుండానే పక్కకు జరిగింది.

ప్రభు భోజనం వేళ వెస్లీ కదలలేదు. సత్తవ్వ వాడి రెక్క పట్టి లేపి, తీసుకెళ్లి బల్ల ముందు తన పక్కన మోకరింపజేసింది. వాళ్ల వెనక ఎవరూ లేవలేదు. కాసేపటికి అనసూర్య వచ్చి వాడికి అటుపక్కన మోకరించింది. ఆ తర్వాత ఒకరిద్దరు వచ్చారు. రెబెకా రొట్టె పట్టుకుని తలెత్తేసరికి గుమ్మంలో పౌలు కనిపించాడు. ఒక్కడే వచ్చాడు. వెస్లీ వైపు చూడలేదు, దూరంగా ఆ చివర మోకరించాడు.

రెబెకా రొట్టె విరిచి వెస్లీ ముందుకు చాచింది. వాడు చేయి పూర్తిగా చాపలేకపోయాడు. సత్తవ్వ తన అరచేతిని వాడి చేతి కింద ఆనించింది.

ఆరాధన ముగిశాక రెబెకా ఆమెను బయట కలిసింది.

“గా తల్లి ఒప్పుకుందా అవ్వా?”

“ఇయ్యాల్టికైతే ఒప్పుకుంది. రేపు మల్ల కొట్లాడాలె.”

రెబెకా ఆమె రెండు చేతులూ పట్టుకుంది. “ఏదైతేంది, నీ కొడుకు ఇల్లు చేరిండు. దేవునికి స్తోత్రం.”

లోపల అనసూర్యతో కలిసి చాపలు చుడుతున్న వెస్లీని సత్తవ్వ కళ్లు ఆర్పకుండా చూసింది.

“వాడు నా కొడుకు కాదు బిడ్డా. వాని అవ్వ వాడు జైళ్ల ఉండంగనే సచ్చిపోయింది.”

“మరి నువ్వు...?”

“వాడు చంపింది నా కొడుకును.”