ఎడంచేతి బోణీ

"ఆ కట్టు విప్పించమ్మా. పాప ఆ చేత్తో ఇస్తేనే తీసుకుంటాను."

గొడుగేసుకుని బుట్ట ముందు నిలబడ్డ ముసలావిడ మాటకి మాధవికి ఒళ్ళు మండింది.

గిలకలదిండి హార్బరు రోడ్డు పక్కన చేపలమ్మే మాధవికి ఆ రోజు అదే మొదటి బేరం. పక్కనే ఐదేళ్ళ కూతురు దివ్యశ్రీ. వల అల్లే తాడుతో దాని ఎడంచెయ్యి నడుముకి కట్టేసి ఉంది.

పిల్లది ఏదైనా ఎడంచేత్తోనే అందుకుంటుంది. బళ్ళో వేసేలోగా ఆ అలవాటు మాన్పించాలని అత్త సత్యవతమ్మ కట్టిన కట్టు అది. పిల్లల్ని పెంచడమంటే ఇదే కాబోలని మాధవి కూడా ఊరుకుంది.

"ఎడంచేత్తో బోణీ ఏంటండీ? మా కొంప ముంచుదామనా?"

"బోణీ నాది. కీడేదైనా ఉంటే నాకే రానీ. ఇప్పిస్తావా, వెళ్ళిపోనా?"

మాధవికి ఏం పాలుపోలేదు. బోణీ బేరాన్ని వట్టి చేతులతో పంపితే ఆ పూటకి బుట్ట కదలదని చిన్నప్పట్నించీ వింటున్నదే. ఈవిడ ఆ సంగతి తెలుసుకునే వచ్చినట్టుంది.

తిట్టుకుంటూ ముడి విప్పింది.

"ఏ చేప కావాలి?"

"పాప ఏదిస్తే అది."

దివ్యశ్రీ భయంభయంగా ఎడంచేత్తో ఒక చేప తీసి ఇచ్చింది. ఆవిడ సంచిని ఒంటికి దూరంగా పట్టుకుని, ముక్కు చిట్లించుకుంటూ, తనని తీసుకొచ్చిన ఏసుబాబు ఆటో ఎక్కింది.

"మా చేపలు అంత కంపు కొడుతుంటే రావడం దేనికో" అని సణిగింది మాధవి.

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. అందరికన్నా ముందే.

కట్టు పడ్డప్పట్నించీ నోరు మెదపని పిల్ల, గొడుగు మామ్మకి ఊళ్ళో కబుర్లన్నీ చెప్పడం మొదలెట్టింది. అది వింటుంటే మాధవికి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఒక రోజు బోణీ అవగానే, బుట్ట దగ్గరికొచ్చిన సత్యవతమ్మ పిల్ల చెయ్యి మళ్ళీ కట్టడానికి తాడు అందుకుంది.

"ఇటివ్వండి అత్తయ్యా."

మాధవి దాన్ని తీసుకుని కాలవలోకి విసిరేసింది.

"రేపు బళ్ళో నలుగురూ నవ్వుతారే."

"నవ్వనీండి. నవ్వినోళ్ళతో నేను మాట్లాడుకుంటాను. నా పిల్ల ఒంటి మీద ఇంకోసారి తాడు పడితే మాత్రం ఊరుకోను."

సత్యవతమ్మ గుడ్లురిమింది. మాధవి తల దించలేదు.

ఈ మాట మామ్మకి చెప్పాలనిపించింది. మర్నాడు ఒక మంచి చేప ఏరి పక్కన పెట్టింది.

ఆవిడ రాలేదు. తర్వాతా రాలేదు. మాధవి మాత్రం రోజూ ఒక చేప తీసిపెడుతూనే ఉంది.

చివరికి ఒక పొద్దున ఏసుబాబు ఒక్కడే ఆటో దిగాడు.

"మామ్మగారు పోయారక్కా. నిద్రలోనే."

మాధవి ఆ రోజు తీసిపెట్టిన చేప కోసం చూసింది. దివ్యశ్రీ ఎడంచేత్తో చేప పట్టుకుని అతని వంకే చూస్తోంది.

"ఇది వాళ్ళింట్లో ఇచ్చెయ్యి తమ్ముడూ. ఆవిడ కోసమే ఉంచాను."

ఏసుబాబు తల అడ్డంగా ఊపాడు.

"వద్దక్కా. ఒకసారి ఇటు వెళ్తూ పాప చేతికి కట్టు చూశారు, మర్నాటి నుంచి రోజూ తీసుకురమ్మన్నారు. చేపలన్నీ మా ఇంటికే ఇచ్చేసేవారు. మామ్మగారు పుట్టి బుద్ధెరిగి చేప ముట్టలేదు."