విచారణకొచ్చిన సారు

రాజమణి ఇచ్చిన ఫిర్యాదు మీద విచారణకు పోలీసు అధికారి వచ్చేసరికి, ఆమె మగ్గం నేస్తోంది. తలుపు తెరిచే ఉంది. ఆయన బూట్లతోనే లోపలికొచ్చి, వంటిల్లు చూసి, మూలగది తెర ఎత్తాడు. లోపల తల దువ్వుకుంటున్న ఆమె కూతురు ప్రణీత గబుక్కున చున్నీ లాక్కుంది.

ఆయన మంచం మీద కూర్చుని అడిగాడు. "ఆనాడు తనిఖీకొచ్చిన పోలీసులు ఏం చేసిన్రమ్మా?"

"ఎన్నిసార్లు చెప్పాలె సార్? స్టేషన్ల చెప్పిన, నల్గొండకు పోయి చెప్పిన. ఎవరి కోసమో వాడకట్టంత వెతికిన్రు. మా బీరువ తీసి నా బిడ్డ బట్టలన్ని కింద పడేసిన్రు. అప్పటిసంది దానికి ఇంట్ల ఉండబుద్దైతలేదు."

"వారంటు కాగితం చూపించలేదా?"

"అడిగితె కసిరిన్రు."

ఆయన నిజంగానే నొచ్చుకున్నట్టు తలూపాడు. "లోపలికెట్లొచ్చిన్రు? తలుపు పగలగొట్టిన్రా?"

రాజమణి ఆయన బూట్ల వైపు చూసింది. కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఆమెకు లేదు.

"లేదు సార్. ఇప్పుడు నువ్వొచ్చినట్టే వచ్చిన్రు."

ఆయన తన బూట్ల వైపు చూసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "రావద్దని అనలేదా?" అన్నాడు.

"భయానికి అనలే." ఆమె మగ్గం గుంటలోంచి మెల్లగా లేచింది. "ఇప్పుడంటున్న. జర బయటికి పో సార్. పిలిస్తె రా."

ఆయన బయటికి నడిచి ఎండలో నిలబడ్డాడు.

రాజమణి పిలవడానికి తొందరపడలేదు.