తూకం

మాంత్రికుడు మళ్లీ ఒక్క మంత్రంతో గుహంతా కాల్చేశాడు.

యోధుడు కత్తి దూయలేదు, దొంగ తాళం మీద చెయ్యి వేయలేదు. ఈలోపే రాక్షసులంతా బూడిదయ్యారు. మిగతావాళ్లు జున్నుముక్కలు నములుతూ కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చున్నారు.

లైల్ తల పట్టుకున్నాడు.

ఆ ఆట అతను కనిపెట్టిందే. కాగితం, పాచికలు, నోటిమాట ఉంటే చాలు, బల్ల చుట్టూ కూర్చుని సాహసాలు చేసి రావచ్చు. ఆడేవాళ్లు యోధుడు, మాంత్రికుడు, దొంగ, వైద్యురాలు అనే నాలుగు పాత్రల్లో తలా ఒకటి తీసుకుంటారు. పాచికలు వేసి బలానికీ, తెలివికీ, చురుకుకూ, ఓర్పుకూ అంకెలు తెచ్చుకుంటారు. నలుగురికీ సమానంగా పని దొరికితేనే అది ఆట. మాంత్రికుడికి కాస్త తగ్గిస్తే ఎందుకూ కొరగాకుండా పోతున్నాడు. పెంచితే మిగతావాళ్లు ఆవలిస్తున్నారు. అచ్చం కప్పల తక్కెడే.

వసంతంలో మిల్వాకీ నగరం నుంచి ఆటల కంపెనీ ఆయన వచ్చి చూస్తానన్నాడు. ఆయన కూడా పెదవి విరిస్తే ఇక మామగారి దాణామిల్లులో బస్తాలు మోయడమేనని లైల్ భార్య తేల్చి చెప్పేసింది. మామగారైతే అల్లుడి కొలతకు పనిబట్టలు కూడా కొని ఉంచారు.

సరిగ్గా ఆ శనివారమే, వైద్యురాలి పాత్ర ఆడే మనిషి కాగితం బల్ల మీద పడేసి వెళ్లిపోయాడు. సెలవురోజున కట్లు కట్టడానికి రాలేదన్నాడు.

వీళ్లు ఆడేది బొమ్మ రైళ్లూ, అల్లిక ఊలూ అమ్మే దుకాణం వెనకగదిలో. ఊలు కొనడానికి వచ్చిన ఒక పెద్దావిడ గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"ఆ కుర్చీ ఖాళీయేనా నాయనా? నా బస్సుకి ఇంకా టైముంది."

పేరు వెర్నా అంది. మూడు పాచికలు వేస్తే బలానికి మొత్తం మూడే వచ్చింది. అంతకన్నా తక్కువ రావడానికి వీల్లేదు.

లైల్‌కు జాలేసింది. "అది లెక్కలోకి వద్దు మామ్మగారూ, మళ్లీ వేయండి."

"ఎందుకూ? బలం లేనివాళ్లు ఊళ్లో బతకట్లేదా?"

అందరూ నవ్వారు. వెర్నా కూడా నవ్వి, వైద్యురాలి కాగితం తన ముందుకు లాక్కుంది.

ఆ వారమే లైల్ అంకెలు మరోసారి మార్చాడు. మాంత్రికుడి మంత్రాలకు పిసరంత కోత పెట్టి, వైద్యురాలి ఓర్పు కొంచెం పెంచాడు.

ఆట కుదిరింది.

ఎలా కుదిరిందో లైల్‌కే అంతుపట్టలేదు. దొంగ పాత్ర వేసే ఆర్డిస్ కుర్చీ అంచుకు జరిగి ఆడుతోంది. యోధుడైన ఆమె మొగుడు జున్ను సంగతే మరిచిపోయాడు. మాంత్రికుడు కర్ట్ మాత్రం అప్పుడప్పుడూ విసుక్కునేవాడు. ఆవిడ ప్రశ్నలు అలాంటివి మరి. ఆ తలుపు వెనక ఏముందో ఆర్డిస్ ఒకసారి చెవి ఆనించి వింటే బాగుండదా అనేది. ఆ మంత్రం ఇక్కడే ఖర్చు చేస్తే ముందు ఇంకేమొస్తుందో అనేది. నాకు ఎలాగూ బలం లేదు, యోధుడుగారు ముందు నడిస్తే వెనకాలే వస్తాననేది.

ఆట రాని మనిషి, ఆమాత్రం వాగదా అనుకున్నాడు లైల్. అతని కళ్లన్నీ తన అంకెల మీదే. పిసరంత కోతకు ఇంత మార్పా అని రాత్రుళ్లు ఆ పట్టికను మురిపెంగా చూసుకునేవాడు.

మంచు కరిగింది. కంపెనీ ఆయన వస్తానని కబురు పెట్టాడు. తానూ ఒక పాత్ర ఆడి చూస్తానన్నాడు.

కుర్చీలు నాలుగే.

లైల్ వెర్నాను పక్కకు పిలిచి వీలైనంత మెత్తగా చెప్పాడు. వచ్చే వారం ఆట తెలిసినవాళ్లు కూర్చోవాలి, ఏమీ అనుకోవద్దన్నాడు.

ఆవిడ ఊలు సర్దుకుంటూ, "ఏమనుకుంటాను నాయనా. నీ పని జరగాలి" అంది. ఊలు సంచి భుజాన వేసుకుని బస్సెక్కింది.

కంపెనీ ఆయన పేరు ఆస్ట్రాండర్. వైద్యురాలి కాగితం ఆయనకే ఇచ్చారు. బాగా నడిచిన అవే అంకెలు, అవే నియమాలు, పక్కన అవే మనుషులు.

రెండో గదిలోనే కర్ట్ అంతా కాల్చేశాడు. మూడో గదిలో మళ్లీ కాల్చాడు. ఆర్డిస్ మొగుడు జున్ను పొట్లం విప్పాడు.

లైల్ తన అంకెల పట్టిక ముందుకు తోశాడు. నిన్నమొన్నటిదాకా బ్రహ్మాండంగా నడిచింది సార్ అన్నాడు, అబద్ధం ఆడుతున్నవాడిలా.

ఆస్ట్రాండర్ పట్టిక అందుకుని పైనుంచి కిందికి చదివాడు. కోపం లేదు, ఏదో వింత చూస్తున్నట్టుంది ఆయన మొహం.

"ఈ లెక్కతో ఇది నడవదు. ఈ కోత ఒక మూలకు కూడా రాదు. బాగా నడిచిన రోజుల్లో ఈ కుర్చీలో ఎవరుండేవారు?"

"ఎవరో పెద్దావిడ సార్. ఆట రాదు ఆవిడకి."



"ఆవిడుంటే తలుపు తెరిచే ముందు నన్నడిగేది" అంది ఆర్డిస్ నెమ్మదిగా.

కర్ట్ పాచికలు బల్ల మీద పెట్టేశాడు. "నన్ను ఆపేది" అన్నాడు.

ఆస్ట్రాండర్ కోటు తొడుక్కున్నాడు. ఆటను తీసుకోలేనన్నాడు. గుమ్మం దాకా వెళ్లి, ఆవిడ ఎక్కడుంటారు, మా దగ్గర అలాంటి మనిషి అవసరం చాలా ఉంది అని అడిగాడు.

లైల్ మిగతావాళ్ల వైపు చూశాడు. ఆవిడ ఇంటిపేరేమిటో, ఏ బస్సెక్కుతుందో ఒక్కరూ ఏనాడూ అడగలేదు. ఊలు కొట్టు అమ్మాయికీ తెలియదు. ఆ తరువాత ఏ శనివారమూ ఆవిడ రాలేదు.

చలికాలమంతా కాగితాల్లో తను వెతికిన తూకాన్ని, మీకు ఆట రాదని చెప్పి లైల్ తానే బస్సెక్కించాడు.