నోరు మెదపని పేషెంటు

మా ఆయనా నేనూ ఇద్దరమూ పళ్ళ డాక్టర్లమే. పోట్లాడుకోవడానికి మాకు వేరే తీరికెక్కడిది? పేషెంటు నోట్లో దూది పెట్టాక మొదలెడతాం.

"పళ్ళ డాక్టరయ్యుండి రాత్రిళ్ళు పళ్ళు తోముకోరండీ ఈయన!" అన్నాను, కుర్చీలోని పెద్దమనిషితో.

"ముందు తన గురక సంగతి చెప్పమనండి," అన్నారు మా ఆయన, అతని తల మీదుగా నాకు పటకారు అందిస్తూ.

గొడవ పెళ్ళిచూపుల దాకా వెళ్ళింది. అక్కడ ఇద్దరికీ నవ్వొచ్చేసింది. ఈలోగా పన్నూ ఊడొచ్చింది. తీరా చూస్తే, నిక్షేపంలాంటి పన్ను!

"నొప్పన్నది ఈ పన్నేనా?" పన్ను అతనికి చూపిస్తూ అడిగాను.

అతను దూది తీసి, "ఏ పన్నూ నొప్పి లేదండీ," అన్నాడు. "మా ఇంట్లో మేం మహా మర్యాదస్తులం. కోపమొస్తే మా ఆవిడ ఆ గదిలో, నేను ఈ గదిలో. బయట బెంచీ మీదికి మీ గొడవ సరిగ్గా వినపడలేదని లోపలికొచ్చాను. అడ్డొస్తే ఆపేస్తారేమోనని ఊరుకున్నాను."

ఈసారి నోళ్ళు తెరిచింది మేమిద్దరం.

"రేపు మా ఆవిణ్ణి తీసుకొస్తానండీ."

"ఆవిడకి ఏ పన్ను పీకాలి?"

"మీ ఇష్టం. గొడవ మాత్రం కాస్త పెద్దది పెట్టుకోండి."