ఏడో వ్యూ

"ఏటమ్మా ఇది? సిక్కుపడిపోయిన వలలాగుంది!" అన్నాడు గురువులు, తెరమీదకి వంగి.

శ్రీసత్య నవ్వలేదు. అచ్యుతాపురంలోని రసాయనాల ఫ్యాక్టరీని కంప్యూటర్లో కట్టిన నమూనా అది. నాలుగు వందల పెట్టెలు, వాటి మధ్య లెక్కలేనన్ని బాణాలు, అన్నీ ఒకే పటంలో. ఫ్యాక్టరీకి అనుమతిచ్చే భద్రతా కమిటీ ముందు పెట్టేలోగా దాన్ని విడదీసి, ఒక్కో భాగాన్ని ఒక్కో వ్యూలో, అంటే విడి పటంలో, సర్దాలి. ఇరవై ఏళ్లుగా అక్కడి పైపుల మధ్యే పనిచేస్తున్న గురువులుని అందుకే ఆమె పక్కన కూర్చోబెట్టారు.

ట్యాంకులకు ఒక వ్యూ. పైపులకు ఒకటి. గాలి, సైరన్, గేట్లు... ఐదు రోజులు పట్టింది. చివరికి ఏడో వ్యూలో క్యాంటీన్ మిగిలింది.

"వాల్వు పగిలిన నాలుగో నిమిషానికి గ్యాసు క్యాంటీన్‌లో ఉంది," అంది శ్రీసత్య, బాణం వెంట వేలు నడిపిస్తూ. "సైరన్ మోగింది ఆరో నిమిషానికి."

"ఈ తొమ్మిదేటి?"

"అప్పుడు లోపలున్న మనుషులు."

"పేర్లు రాయవా?"

"నమూనాలో పేర్లుండవు బాబాయ్. అంకెలే."

గురువులు వేళ్లు మడవసాగాడు. "తలుపు కాడ ఎల్లారావు. కిటికీ కాడ నాగబాబు. గిన్నెల కాడ నూకాలు..." అక్కడ ఆగిపోయాడు. "నూకాలు మా కోడలమ్మా."

తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. శ్రీసత్య ఆ రెండు నిమిషాల తేడాను మొదటి వ్యూలోకి తెచ్చి, ఎర్రరంగు వేసింది.

మర్నాడు మేనేజరు అర్జునరావు కంట పడిందది.

"ఇదెందుకిక్కడ? పెద్దాళ్లు మొదటి వ్యూ దాటి చూడరు. అది శుభ్రంగా ఉండాలి."

"చూడరనే ఇక్కడ పెట్టాను సార్."

"తీసెయ్యమనట్లేదమ్మా. ఏడో దాంట్లోనే ఉండనీ. అబద్ధమేం చెప్పట్లేదుగా మనం?" కాస్త ఆగి అన్నాడు. "నీ కాంట్రాక్టు ఈ నెలాఖరుదాకేగా?"

సాయంత్రానికల్లా మొదటి వ్యూలో ఎరుపు లేదు.

కమిటీ పెద్ద గంగాధరరావు ఆ మొదటి వ్యూ చూసి ముచ్చటపడ్డాడు. "ఇంత చిక్కు వ్యవహారాన్ని అరచేతిలో పెట్టారే!"

"సార్, ఏడో వ్యూ..." అంటూ లేచింది శ్రీసత్య.

"అది వెనక అనుబంధంలో ఉంది సార్," అన్నాడు అర్జునరావు.

గంగాధరరావు అప్పటికే కలం మూత తీశాడు. అనుమతి కాగితం మీద సంతకమైపోయింది. శ్రీసత్య మెల్లగా కూర్చుంది.

బయట వరండాలో గురువులు కాచుకుని ఉన్నాడు.

"సూపించావా అమ్మా ఆళ్లకి? మా నూకాలున్నది?"

"చూపించాను బాబాయ్," అంది, నేల చూస్తూ.

అతను రెండు చేతులూ జోడించాడు. "సల్లగుండు తల్లీ. ఇంక నాను నిద్దరోతాను."

నమూనాలోని ఆ ప్రమాదం నిజంగా జరిగింది పదకొండు రోజుల తర్వాత.